ఫ్లెక్స్‌కు పనికిరాని ముఖం

చిక్కమునియప్ప ముఖం ఏ కెమెరాకూ నేరుగా దొరకదు. ఆయనకిప్పుడు యాభై తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో ఆయన దిగిన ఫొటోలన్నీ ఒకచోట పోసి వెతికినా, రెండు కళ్ళూ తెరిచి, నోరు మూసి, మెడ నిలబెట్టిన చిక్కమునియప్ప ఒక్కడూ కనిపించడు. ఒకదాంట్లో కళ్ళు గట్టిగా మూసుకుని ఉంటాడు. ఒకదాంట్లో నాలుక బయట ఉంటుంది. ఒకదాంట్లో తుమ్ముతుంటాడు. ఇంకొకదాంట్లో మనిషే ఉండడు, వంగి చెప్పు సరిచేసుకుంటున్న వీపు ఉంటుంది. మామూలప్పుడు చూడండి, లక్షణమైన మనిషి. కోరమీసం, వెడల్పు నుదురు, కళ్ళల్లో ఎప్పుడూ ఒక నవ్వు. కెమెరా ఎత్తారా, అంతా తారుమారు.

విడ్డూరం ఏమిటంటే, ఆయన తిండి తినేదే ఫొటోల మీద. మహదేవపురలో ఐటీ భవనాల వెనక సందులో ఆయనకు ఫ్లెక్స్ ప్రింటింగు అంగడి ఉంది. పుట్టినరోజులు, గృహప్రవేశాలు, జాతరలు, నాయకులకు స్వాగతాలు, అన్నీ కొడతాడు. అన్నిటికన్నా ఎక్కువ కొట్టేది శ్రద్ధాంజలులు. బెంగళూరులో మనిషి పోతే రెండు గంటల్లో ఫ్లెక్స్ వీధి మొదట్లో కనపడాలి. పైన 'భావపూర్ణ శ్రద్ధాంజలి', కింద రెండు దీపాలు, మధ్యలో పూలమాల, మాలలో మనిషి. ఆ మనిషి ఫొటో కోసం ఇంటివాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ ఫోన్లన్నీ గాలిస్తారు. మంచి ఫొటో దొరికితే పని పావుగంటలో అయిపోతుంది.

ఆ పావుగంటే చిక్కమునియప్పను భయపెట్టింది. పంతొమ్మిదేళ్ళ వయసులో మాలూరులో బోర్డులు రాసే పెయింటరు దగ్గర పని నేర్చుకునేటప్పుడు, రైసుమిల్లు లక్ష్మీనారాయణ అనే ఆయన స్టూడియోకు వెళ్ళి, కోటు వేసుకుని, దర్జాగా ఫొటో దిగాడు. రెండు బస్తాలు ఒక్కసారి మోసే మనిషి. పది రోజులు తిరగలేదు, జ్వరం వచ్చి పోయాడు. ఆ ఫొటో చూసి గుడ్డ మీద బొమ్మ వేసింది మన చిక్కమునియప్పే. "ఫొటో ఎంత బాగుండె అంటే, బొమ్మ ఏసేదానికి అరగంట పట్టలేదప్పా" అని ఇప్పటికీ గొంతు తగ్గించి చెబుతాడు.

అక్కడి నుంచి ఆయనకొక సిద్ధాంతం పుట్టింది.

"యముడు కూడా ఆఫీసే కదప్పా నడిపేది. పేపర్లు సరిగ్గా ఉండే ఫైలే ముందు కదులుతాది. ఫొటో లేని అప్లికేషను ఏ ఆఫీసులో తీసుకుంటారు చెప్పు?"

"మరి ఫొటో లేనోళ్ళు పోవట్లేదా?" అంటే, "పోతారు. లేటవుతాది" అంటాడు.

ఈ సిద్ధాంతంతో ముప్పై ఏళ్ళు కాపురం చేసింది సుబ్బలక్ష్మమ్మ. పెళ్ళి ఆల్బంలో డెబ్భై రెండు ఫొటోలున్నాయి. తాళి కట్టే ఫొటోలో పెళ్ళికొడుకు ముఖం పెళ్ళికూతురి జడలోని మల్లెపూలలో దూరి ఉంది. అరుంధతిని చూపించే ఫొటోలో ఇద్దరూ నక్షత్రాన్ని వదిలేసి ఒకరినొకరు చూసుకుంటున్నారు, ఆమె నోరు తెరిచి ఉంది. తక్కిన ఫొటోలన్నిటిలోనూ ఆమె నోరు తెరిచే ఉంది. సరిగ్గా క్లిక్కుమనే క్షణానికి పక్కనున్న మొగుడు మోచేతి దగ్గర గిచ్చుతాడు, ఆమె ఇటు తిరిగి "ఏమప్పా ఇది!" అంటుంది, ఫొటో పడుతుంది. ఆల్బం చూసినవాళ్ళంతా, ఈ పిల్ల పీటల మీదే మొగుణ్ణి తిట్టడం మొదలుపెట్టిందనుకున్నారు. ఆమె కూడా కొన్నాళ్ళు వివరించి చూసి, తరవాత మానేసింది.

కాశీకి వెళ్ళినప్పుడు దేవనహళ్ళి విమానాశ్రయంలో జరిగింది ఇంకో కథ. గేటు దగ్గర జవాను ఆధార్ కార్డు చూశాడు, మనిషిని చూశాడు, మళ్ళీ కార్డు చూశాడు. కార్డులో ఉన్నవాడి కళ్ళు మెల్ల, మూతి ఎడమ చెవి దగ్గర ఉంది. ఎదురుగా ఉన్నవాడు పెద్దమనిషి.

"యే ఆప్ హై?" అన్నాడు జవాను, ఇది మీరేనా అని.

వెనక క్యూ పెరుగుతోంది. కూతురు అర్పిత తల పట్టుకుంది. చిక్కమునియప్ప అటూ ఇటూ చూసి, ఊపిరి పీల్చి, కళ్ళు మెల్ల చేసి, మూతిని చెవి దాకా లాగి నిలబడ్డాడు. జవాను రెండు క్షణాలు పరీక్షగా చూసి, ముఖం పక్కకు తిప్పుకుని నవ్వాపుకుంటూ, "జాయియే" అని లోపలికి చెయ్యి చూపించాడు. అలా మూతి వంకర చేసుకునే లోపలికి వెళ్ళాడు, సెక్యూరిటీ దాటేదాకా తియ్యలేదు.

ఇంట్లో ఇలా ఉంటే అంగట్లో నియమాలు ఇంకా గట్టివి. శ్రద్ధాంజలి కొట్టిన వెంటనే పుట్టినరోజు కొట్టడు. మధ్యలో దేనికీ సంబంధం లేనిది ఒకటి పడాలి.

"అన్నా, పన్నెండింటికి కేకు కోస్తా ఉండాము. ఫ్లెక్స్ ఏది?" అని మునిరాజు అనే కుర్రాడు ఒకసారి పరుగెత్తుకొచ్చాడు.

"ఇప్పుడే ఒక శ్రద్ధాంజలి కొట్టినాను. దాని తోకకు నిన్ను కట్టేదానికి నాకు చేతులు రావు. ఒక టూలెట్ బోర్డన్నా రానీ."

"టూలెట్ ఎప్పుడొస్తాదన్నా?"

"బెంగళూరప్పా ఇది. ఎవురో ఒకరు ఇల్లు ఖాళీ చెయ్యకపోతారా?"

రెండో నియమం ఇంకా కఠినం. బతికున్న మనిషి నేరుగా చూసే ఫొటో ఏదీ అంగడి కంప్యూటరులో రాత్రి నిలవ ఉండకూడదు. సాయంత్రం షట్టరు దించే ముందు అన్నీ తీసేయాల్సిందే. మర్నాడు ఇంకో కాపీ కావాలని వచ్చినవాళ్ళు మళ్ళీ ఫొటో తెచ్చుకోవాలి. "కంప్యూటరులో ఉంటే ఆర్డరు ఉన్నట్టే లెక్క. నీ మంచికే చెప్తా ఉండా" అంటాడు. ఆయన దగ్గర ఎనిమిదేళ్ళుగా డిజైను చేస్తున్న హేమంత్‌కుమార్ రోజూ ఆరున్నరకు ఈ ఫొటోలన్నీ తుడిచి, అన్నకు చూపించి, ఇంటికి వెళతాడు.

ఇలా నవ్వుకుంటూ ఎన్నేళ్ళయినా గడిచిపోయేవే. సుబ్బలక్ష్మమ్మ ఒంట్లో గడ్డలు పెరగకపోతే.

గర్భసంచి తీసేయాలని డాక్టరమ్మ చెప్పి ఏడాదిన్నర అయింది. మామూలు ఆపరేషనే, రోజూ చేస్తూనే ఉంటామని కూడా చెప్పింది. సుబ్బలక్ష్మమ్మ మొదట అర్పిత పరీక్షలన్నది. తరవాత ఉగాది అన్నది. తరవాత ఆషాఢం అన్నది. అసలు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. వాళ్ళమ్మ ఇదే ఆపరేషన్‌కని ఇంట్లోంచి నడుచుకుంటూ వెళ్ళి, తిరిగి నడుచుకుంటూ రాలేదు. అప్పుడు సుబ్బలక్ష్మమ్మకు పదిహేడేళ్ళు. అమ్మ ఫొటో అని ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే, గుంపులో ఎక్కడో చివర, సగం ముఖం.

రక్తం మరీ తగ్గిపోయేసరికి డాక్టరమ్మ కోప్పడి రెండు వారాల తరవాతి బుధవారం అని రాసిచ్చింది. ఆ రోజు నుంచి సుబ్బలక్ష్మమ్మ ఇంట్లో డబ్బాలన్నిటికీ చీటీలు అంటించడం మొదలుపెట్టింది. ఇది ధనియాలు, ఇది మెంతులు, ఇది పోయిన ఏటి నిమ్మకాయ ఊరగాయ. బీరువాలో ఏ చీర ఎవరికో అర్పితకు మాటల మధ్యలో చెప్పేది. అర్పిత "ఎందుకమ్మా ఇప్పుడు?" అంటే, "సుమ్నె, ఊరికే చెప్తా ఉండా" అనేది.

ఆమెకున్న కోరిక ఒక్కటే. బుధవారం లోపల తానూ మొగుడూ పక్కపక్కన నిలబడి నేరుగా చూస్తున్న ఫొటో ఒకటి ఉండాలి. కూతురికి సగం ముఖం మిగలకూడదు.

ఆదివారం పొద్దున అర్పిత ఫోనును బియ్యం డబ్బా మీద నిలబెట్టి టైమరు పెట్టింది. మొదటిసారి చిక్కమునియప్ప తుమ్మాడు. రెండోసారి పంచె సర్దుకోవడానికి వంగాడు. మూడోసారి నిటారుగా నిలబడ్డాడు, తల్లీ కూతుళ్ళిద్దరికీ ఆశ పుట్టింది, సరిగ్గా అప్పుడే మోచేతి దగ్గర గిచ్చు పడింది.

"ఏమప్పా! ఒక్కసారి నేరుగా చూస్తే నీకేం పోతాది?"

"ప్రాణం పోతాది."

"బుధవారం నేను ఆపరేషన్‌కు పోతా ఉండాను. గుర్తుండాదా?"

"గుర్తుండబట్టే వద్దంటా ఉండా. బుధవారం కానీ. ఆమీద నూరు ఫొటోలు దిగుతాము."

"ఆమీద నేనుంటే కదా!"

అర్పిత ఫోను తీసుకుని గదిలోకి వెళ్ళిపోయింది. చిక్కమునియప్ప చొక్కా తగిలించుకుని, గుండీలు తప్పుగా పెట్టుకుని, అంగడికి వెళ్ళిపోయాడు. సుబ్బలక్ష్మమ్మ వంటింట్లో కూర్చుని అనపకాయలు ఒలుస్తూ ఏడ్చింది. ముప్పై ఏళ్ళు ఆ మూతి వంకరలకు నవ్వింది, నలుగురిలో సర్దుకుంది, విమానాశ్రయంలో తల దించుకుంది. ఈ ఒక్కసారి అడిగితే ఆయనకు తన ప్రాణమే ఎక్కువైంది కదా అనుకుంది. ఆపరేషను భయం కంటే ఆ మాటే ఆమెకు ఎక్కువ నొప్పి పెట్టింది.

మంగళవారం సాయంత్రం ఆస్పత్రిలో చేరాలి. ఆధార్ జిరాక్సులు రెండు కావాలన్నారు. చిక్కమునియప్ప పొద్దున్నే బొమ్మసంద్రలో ఏదో ఫ్యాక్టరీకి బోర్డు బిగించడానికి వెళ్ళాడు. అందుకని సుబ్బలక్ష్మమ్మే అంగడికి వెళ్ళింది.

హేమంత్‌కుమార్ "రాండక్కా, కూచోండి" అని కార్డు తీసుకుని స్కానరులో పెట్టి, కంప్యూటరు తెరిచాడు. తెరిచి, గబుక్కున తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు. అరచెయ్యి ఎంత పెద్దదైనా తెరంత ఉండదు.

"చెయ్యి తియ్యప్పా."

"అక్కా, అది... అన్న చెప్పొద్దన్నాడు."

"తియ్యి."

తెర మీద చిక్కమునియప్ప ఉన్నాడు. రెండు కళ్ళూ తెరిచి, నోరు మూసి, మెడ నిలబెట్టి, నేరుగా ఆమెనే చూస్తున్నాడు. చుట్టూ పూలమాల. కింద రెండు దీపాలు. పైన 'భావపూర్ణ శ్రద్ధాంజలి'. పేరు, ఊరు అన్నీ ఉన్నాయి. తేదీ దగ్గర మాత్రం ఖాళీ.

సుబ్బలక్ష్మమ్మ స్టూలు మీద కూర్చుండిపోయింది. "ఎప్పుడు చేసినారు ఇది?" అని అడిగింది.

"మీ ఆపరేషన్‌కు డేటు ఇచ్చిన దినం అక్కా. పన్నెండు దినాలాయె. సాయంత్రం వచ్చి, ఫొటో తియ్యరా అన్నాడు. నేను ఎగతాళి అనుకుంటిని. ఆ గోడకు ఆనుకొని నిలబడినాడు. కండ్లు మూస్తే చెప్పు, మళ్ళా తీద్దాము అన్నాడు. ఒక్కసారికే వచ్చేసె."

"దీన్ని తుడవలేదా నువ్వు? రోజూ తుడిచేది కదా?"

"ఇదొక్కటే ఉంచమన్నాడక్కా. యముడు వచ్చి చూస్తే రెడీగా ఉండేది ఇదొక్కటే కనపడాలంట. లైనులో ఆయన ముందుంటే వంతు మీ దాకా రాదంట."

"నా ఫొటో?"

"మీది సరైన ఫొటో ఒకటీ లేకుండా ముందు నుంచీ చూసుకుంటా ఉండాడంట. క్లిక్కుమనే టైముకు గిచ్చేది అందుకేనంట కదా." హేమంత్‌కుమార్ ఆమె ముఖం చూసి ఆగాడు. "మీకు తెలీదా అక్కా?"

ఆమెకు తెలియదు. డెబ్భై రెండు ఫొటోల్లో నోరు తెరిచి, ముప్పై ఏళ్ళు ప్రతి పెళ్ళిలో, ప్రతి గృహప్రవేశంలో ఆ గిచ్చు తిని, ఆయన తనను తాను కాపాడుకుంటున్నాడనే అనుకుంది. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే కళ్ళు నిండాయి. ఆ వెనకే మండిపోయే కోపం వచ్చింది.

"నన్నడగకుండా ముందు పోయేదానికి ఈయనెవురు?"

కోపం వెనక భయం వచ్చింది. ఆమెకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. ఎప్పుడూ లేదు. కాని ఆ బొమ్మ ఆ కంప్యూటరులో పన్నెండు రాత్రులుంది. ఆమె చేతివేళ్ళు వాటంతటవే మొగుడికి ఫోను కలిపాయి.

"యాడుండావు?"

"బొమ్మసంద్రలో. నిచ్చెన మీద."

"దిగు."

"ఇంకా రెండు బోల్టులు ఉండాయే..."

"దిగమంటే దిగు! మెల్లగా దిగు. కింద ఎవురన్నా నిచ్చెన పట్టుకున్నారా?"

"ఇద్దరు పట్టుకున్నారు. ఏమైందే?"

"ఏమీ కాలేదు. నేల మీదుండావా ఇప్పుడు? ఆయ్తు, సరే. నిచ్చెన ఎక్కొద్దు, ఇంటికి రా." ఫోను పెట్టేసింది.

"డిలీట్ చేసేదా అక్కా?" అన్నాడు హేమంత్‌కుమార్.

చెయ్యమనడానికి ఆమెకు నోరు రాలేదు. మొగుడి ముఖాన్ని తుడిచేయమని ఏ ఆడది చెబుతుంది? ఉంచమనడానికీ మనసొప్పలేదు. ఆమె లేచి, కొంగు సరిచేసుకుని, తెర దగ్గరికి వచ్చింది.

"పైన ఆ రెండు మాటలు తీసెయ్. దీపాలు తీసెయ్. ఆ పూలమాల తీసెయ్."

అన్నీ పోయాయి. చిక్కమునియప్ప ఒక్కడే మిగిలాడు, పక్కన బోలెడంత ఖాళీ.

"నన్ను తియ్యి ఇప్పుడు."

"అక్కా, అన్న ఒప్పుకోడు."

"అన్నను నేను చూసుకుంటా. తియ్యి."

అదే గోడకు ఆనుకుని నిలబడింది. రేపు ఈ సమయానికి బల్ల మీద ఉంటానన్న మాట గుర్తొచ్చింది, అమ్మ గుమ్మం దిగి వెళ్ళడం గుర్తొచ్చింది. మోచేతి దగ్గర ఎవరూ గిచ్చలేదు. అలా నేరుగా చూస్తూ నిలబడటం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది. ఒక్కసారికే వచ్చింది.

ఇద్దరినీ పక్కపక్కన పెట్టించి, కింద ఏం రాయాలో చెప్పింది. కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాయించింది. ఒక్క మాట కూడా మార్చుకోలేదు.

"కొట్టు."

"ఇప్పుడే ఒక శ్రద్ధాంజలి కొట్టినానక్కా. మధ్యలో ఏదన్నా..."

"మధ్యలో ఏమీ వద్దు. కొట్టప్పా."

మధ్యాహ్నం చిక్కమునియప్ప వీధిలోకి మలుపు తిరిగేసరికి, ఇంటి బాల్కనీకి ఆ చివర నుంచి ఈ చివర దాకా ఫ్లెక్స్ కట్టి ఉంది. పదడుగుల వెడల్పున మొగుడూ పెళ్ళామూ నేరుగా వీధిని చూస్తున్నారు. కింద ఇలా ఉంది: 'వచ్చే నెల పదిహేనో తేదీ ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం. వీధిలో అందరూ రావాలి. మేమిద్దరం ఉంటాము.'

ఆయన చేతిలోని సామాన్ల సంచి కింద పెట్టేశాడు.

"నీ ఫొటో నేరుగా ఉండాదే!" అన్నాడు.

"నీదీ ఉండాది" అంది గుమ్మంలోంచి సుబ్బలక్ష్మమ్మ.

"నాది వేరే. నేనేదో..."

"తెలుసు. చూసినాను. హేమంతును తిట్టొద్దు."

చిక్కమునియప్ప మెట్ల మీద కూర్చున్నాడు. "ఇద్దరం లైనులో నిలబడితే ఎట్లనే?"

"లైనూ లేదు, గీనూ లేదు. నలుగురినీ భోజనానికి పిలిచినాము. పిలిచినాక ఇంట్లో లేకపోతే బాగుంటాదా?"

ఆయన మాలూరు వైపు మనిషి. విస్తరి ముందు కూర్చోబెట్టి ఇంటివాళ్ళు కనపడకుండా పోవడమంటే ఆయన వంశంలో ఎవరూ ఎరగని అప్రతిష్ఠ.

"బాగుండదు" అని ఒప్పుకున్నాడు. ఇంకాసేపటికి, "వీధంతా అంటే షామియానా ఎయ్యాల కదే?" అన్నాడు.

"ఎయ్యి."

బుధవారం ఆపరేషన్‌కు రెండున్నర గంటలు పట్టింది. ఆ రెండున్నర గంటల్లో చిక్కమునియప్ప థియేటరు తలుపులోంచి వచ్చిన వాళ్ళనూ పోయిన వాళ్ళనూ ఎవరినీ వదిలిపెట్టలేదు. "సిస్టరమ్మా, పదిహేనో తేదీ మా ఇంట్లో భోజనాలుండాయి. ఆమె ఉండాల." మత్తు డాక్టరును పిలిచాడు. రక్తం సంచి తెచ్చినాయన్ను పిలిచాడు. స్ట్రెచరు తోసే రమేశ్‌ను మూడుసార్లు పిలిచాడు. "చెప్పినావు కదన్నా" అంటే, "మరిచిపోతావేమోనని" అన్నాడు. అర్పిత పక్కనే కూర్చుని నాన్న చెయ్యి పట్టుకుంది. చివరికి డాక్టరమ్మ బయటికొచ్చి, ఆయన నోరు తెరవకముందే, "పదిహేనో తేదీ కదా, ఉంటారు, బాగుండారు" అంది. చిక్కమునియప్ప గోడ పట్టుకుని నిలబడి, "నువ్వూ రావల్ల తల్లీ" అన్నాడు, ఏడుస్తూ.

పదిహేనో తేదీ షామియానా పడింది. బరువులు ఎత్తకూడదని చెప్పారు గనక సుబ్బలక్ష్మమ్మను వంటింట్లోకి రానివ్వలేదు. ఆయనే తలకు తువ్వాలు చుట్టి చిత్రాన్నం కలిపాడు. వీధంతా వచ్చింది. డాక్టరమ్మ రాలేదు గాని స్ట్రెచరు రమేశ్ పెళ్ళాం పిల్లలతో వచ్చాడు. జనం సర్దుకుంటున్నప్పుడు చూస్తే, ఫ్లెక్స్ మీద 'ఆదివారం' అన్న మాట మీద ఒక ఖాళీ కాగితం, 'వచ్చే నెల' మీద ఇంకో కాగితం అంటించి ఉన్నాయి. కలిపి చదివితే 'ప్రతి నెలా పదిహేనో తేదీ' అని వచ్చింది.

"ఇదేందప్పా?" అంది సుబ్బలక్ష్మమ్మ.

"పిలుపు బాకీ ఉండే ఇంటికి యముడు రాడంట. మర్యాద తెలిసినోడంట."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పలేదు. నేనే కనిపెట్టినాను."

ఆమె కుర్చీలో కూర్చుని, విస్తరి ఒళ్ళో పెట్టుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. పంక్తిలో అందరూ ఆమెనే చూస్తున్నారు. వాళ్ళు అప్పటికే తిన్నారు, మళ్ళీ మళ్ళీ నీళ్ళు తాగుతున్నారు. చిక్కమునియప్ప గరిటె పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు.

సుబ్బలక్ష్మమ్మ నెమ్మదిగా నమిలి మింగింది.

"ఉప్పు ఎక్కువైందప్పా" అంది. "వచ్చే నెల తగ్గించు."